టెక్ సందేహాలు: చుక్కల చాటు పాటదారు

ఈ వారం వచ్చిన సందేహాల్లో మూడు ఆన్‌లైన్ వేలం గురించే. మూడింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఎదుటి పాటదారు పేరు ఎందుకు దాస్తున్నారు, దాచినప్పుడు నమ్మడం ఎలా?

మొదటి ఉత్తరం: కర్నూలులో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పాత ఫిల్మ్ కెమెరా లెన్సు ఒకటి ఈబేలో వేలానికి వచ్చింది. ధర 61 డాలర్ల దగ్గర ఉండగా 65 పాడాను. రెప్పపాటులో 66 అయింది. 70 పెడితే 71, 75 పెడితే 76. ఎదుటివాడి పేరు ‘క*7’ అని తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. అర్ధరాత్రి నాతో పోటీకి కూర్చున్నది అమ్మేవాడే అయి ఉంటాడా?

ఆ రాత్రి మీకు ఎదురుగా ఎవరూ కూర్చొని ఉండకపోవచ్చు. పాటల చరిత్ర పేజీ తెరిచి, క*7 పాట పక్కన ఉన్న తేదీ, సమయం చూడండి. మీరు రాసిన తీరును బట్టి అది మీ పాట కంటే ముందటిది అయి ఉండాలి. ఆయన అప్పుడే తన గరిష్ఠ ధర, ఉదాహరణకు 90 డాలర్లు, నమోదు చేసి నిద్రపోయాడు. ఆ పైన పాట పాడేది యంత్రం. మీరు ఎంత పెడితే దానిపైన ఒక్క మెట్టు వేస్తుంది. ఈబేలో 25 నుంచి 100 డాలర్ల లోపు ఆ మెట్టు ఒక డాలరు. మీకు 66, 71, 76 కనిపించింది అందుకే.

ఈ పద్ధతిలో గెలిచినవారు సాధారణంగా తమ గరిష్ఠ ధర చెల్లించరు. రెండో స్థానంలో ఉన్నవారి ధర మీద మహా అయితే ఒక మెట్టు చెల్లిస్తారు. దీనికి దగ్గరగా ఉండే వేలాన్ని విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే విడమరిచి చూపారు. 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. ఆయన లెక్క ప్రకారం తెలివైన పాట ఒక్కటే: ఆ వస్తువు మీకు ఎంత విలువో అంత ఒకేసారి పెట్టి, పక్కకు తప్పుకోవడం. 65, 70, 75 అంటూ మెట్లెక్కడం వల్ల మీ ఆత్రం నలుగురికీ తెలియడం తప్ప లాభం లేదు. తెలుగులో వేలంవెర్రి అనే మాట ఊరికే పుట్టలేదు.

అలాగని మీ అనుమానం కొట్టిపారేసేదీ కాదు. అమ్మేవాడు తన మనిషి చేత, లేదా తానే మరో ఖాతాతో ధర పెంచే దొంగ పాట వేలాలంత పాతది. పేరు దాచినా, క*7 మీద నొక్కితే కొంత సమాచారం వస్తుంది. గత 30 రోజుల్లో ఎన్ని వస్తువులకు పాడాడు, అందులో ఈ అమ్మకందారుకు పాడినవి ఎంత శాతం, ఎన్ని పాటలు వెనక్కి తీసుకున్నాడు అనేవి అందులో ఉంటాయి. కొత్త ఖాతా, పాటల్లో అధిక భాగం ఈ ఒక్క అమ్మకందారుకే, ముందు రోజుల్లో హడావిడి, ఆఖరి నిమిషాల్లో మౌనం... ఈ నాలుగూ కలిసి కనిపిస్తే ఆ లెన్సు వదిలేయండి. ఒక్కటి మాత్రమే కనిపిస్తే తొందరపడవద్దు. అరుదైన లెన్సులు అమ్మేవారు కొద్దిమందే కాబట్టి, నిజమైన అభిమాని పాటలు కూడా ఒకే చోట పోగుపడవచ్చు.

పేరు పక్కన కనిపించే అంకెను, అంటే ఆ ఖాతాకు వచ్చిన మంచి మాటల లెక్కను, చూసి మాత్రం మోసపోకండి. 2008 నుంచి ఈబేలో అమ్మకందారులు కొనుగోలుదారుల మీద చెడ్డ మాట రాయలేరు. కొనేవారి ఖాతాలో మంచి మాటలు తప్ప మరేమీ ఉండకపోవడానికి కారణం అదే.

ఇంతకీ పేర్లు ఎందుకు దాచారు? మొదట్లో అవి బాహాటంగానే ఉండేవి. 2007 ప్రాంతంలో చుక్కలు వచ్చాయి. కారణం తెలియాలంటే కింద మూడో ఉత్తరం చదవండి. ఓడిపోయినవారి పేర్లు తెలిస్తే వలవేసేవారికి పని తేలికవుతుంది. చుక్కలు రావడంతో ఆ దారి ఇరుకైంది, కానీ దొంగ పాటను పాటదారులే కనిపెట్టే అవకాశం కూడా తగ్గింది. ఒక రంధ్రం పూడ్చబోయి ఇంకొకటి తెరిచారని నా అభిప్రాయం.

చిన్నప్పుడు ఎద్దుల సంతలో చూసిన బేరం గుర్తొస్తోంది. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపేవారు. వేళ్లు నొక్కుకోవడంతోనే ధర నడిచేది. చుట్టూ మూగినవారికి ముఖాలు కనిపించేవి గానీ ధర కనిపించేది కాదు. మీ తెర మీద తువ్వాలు ముఖాలకు కట్టారు. లడ్డూ వేలంలో అయితే ముఖం దాచుకుని పాడేవారు ఒక్కరూ ఉండరు. అక్కడ పాడేదే పేరు కోసం!

రెండో ఉత్తరం: కడపలో ఒక ఇల్లు బ్యాంకు వేలంలో ఉంది. ధరావతు కట్టి పాల్గొందామనుకుంటున్నాను. తెర మీద పోటీదారుల పేర్లు ఉండవట, చివరి నిమిషాల్లో గడువు పెరుగుతూ పోతుందట. ఇందులో మతలబు ఉందా?

గడువు పెరగడం మతలబు కాదు, నిబంధన. ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పాడితే మరికొన్ని నిమిషాలు కలుస్తాయి. ఎన్ని నిమిషాలన్నది వేలం ప్రకటనలోనే ఉంటుంది. మన ఊరి చింతచెట్ల పాటలో ‘ఒకటోసారి, రెండోసారి’ అని సాగదీసే పద్ధతికి ఇది యంత్ర రూపం. ఆఖరి సెకనులో దూరి ఎగరేసుకుపోవడం ఇక్కడ కుదరదు.

పేర్లు దాచడం విషయంలో ఈబేకూ దీనికీ చాలా తేడా ఉంది. ఇక్కడ పాన్, గుర్తింపు పత్రాలు ఇచ్చి, ధరావతు కడితేనే లోపలికి రానిస్తారు. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తుల కోసం 2025 జనవరిలో వచ్చిన ‘బ్యాంక్‌నెట్’ పోర్టల్‌లోనూ ఇంతే. పోటీదారులు మీకు తెలియరు గానీ, వారెవరో అడగదగిన చోట రికార్డు ఉంటుంది. పాట జరుగుతుండగా పేర్లు బయటపడితే నలుగురూ ఫోన్లు చేసుకుని రింగు కట్టేస్తారు. నన్నడిగితే దాచడమే మేలు. దానికీ హద్దు ఉందనుకోండి. 2016 ఏప్రిల్ 14న ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ‘ఈ-నామ్’ మొదలైనప్పుడు పంట వేలం తెర మీదికి వచ్చింది. కానీ కొనేవారంతా ఒకే వసారాలో టీ తాగే యార్డులో, తెర మీద పేరు దాచి ఏం లాభం? రైతుకు అక్కడ మిగిలిన ఆయుధం, ధర నచ్చకపోతే సరుకు ఇవ్వనని చెప్పే హక్కు.

మీరు అనుమానించాల్సింది పేర్లను కాదు, గడువులను. బాకీ రాబట్టుకోవడానికి బ్యాంకులు తాకట్టు ఆస్తులు అమ్మే ‘సర్ఫేసీ’ చట్టం నిబంధనల ప్రకారం పాట మీకు దక్కితే ధరావతుతో కలిపి నాలుగో వంతు ఆ రోజే, లేదా మరుసటి పనిదినంలోగా కట్టాలి. మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల వరకు పొడిగించవచ్చు. కట్టలేకపోతే కట్టింది పోతుంది. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతారు కాబట్టి, పాత కరెంటు బిల్లులు, పన్ను బకాయిలు, లోపల ఎవరు కాపురం ఉంటున్నారన్నది మీరే వెళ్లి చూసుకోవాలి. ఒక సాయంత్రం ఆ వీధిలో నడిచి, ఎదురింటివారిని పలకరించండి. ఏ పోర్టల్‌లోనూ ఉండని సంగతులు తెలుస్తాయి.

మూడో ఉత్తరం: అనంతపురం నుంచి రాస్తున్నాను. ఒక ఆన్‌లైన్ వేలంలో ల్యాప్‌టాప్ కోసం 18,000 పాడి ఓడిపోయాను. మర్నాడు వాట్సాప్‌లో సందేశం వచ్చింది: ‘గెలిచినవారు తప్పుకున్నారు, మీ ధరకే ఇస్తాం, సగం ముందు పంపండి’ అని క్యూఆర్ కోడ్ పెట్టారు. పంపవచ్చా?

వద్దు. ఓడినవారికి రెండో అవకాశం ఇవ్వడమనేది కొన్ని వేలం సైట్లలో నిజంగానే ఉంది. అదే ఈ మోసానికి ముసుగు. నిజమైన అవకాశమైతే ఆ సైట్‌లోని మీ ఖాతాలోనే కనిపిస్తుంది, డబ్బూ అక్కడే కట్టాలి. సందేశంలోని లింకు నొక్కకుండా మీరే సైట్ తెరిచి చూడండి. అక్కడ లేకపోతే అది లేనట్టే.

మీరు ఓడిన సంగతి, మీ ధర, మీ నంబరు వారికి ఎలా తెలిశాయన్నది అసలు ప్రశ్న. అమ్మకందారే ఆ మోసగాడు కావచ్చు, ఆ సైట్ పాటదారుల వివరాలను సరిగా దాచకపోయీ ఉండవచ్చు. సైట్ నిర్వాహకులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పాస్‌వర్డ్ మార్చండి.

మొదటి ఉత్తరంలో అనుమానించినట్టు అమ్మకందారే దొంగ పాట పాడించాడని తేలితే చట్టం కూడా కొన్నవారి వైపే ఉంది. వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ధర పెంచడానికి అమ్మేవాడు ఉత్తుత్తి పాటలు పాడిస్తే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారిది. ఆ చట్టం 1930 నాటిది. సైబర్ మోసాల సహాయ నంబరు కూడా 1930. కాకతాళీయమే అయినా గుర్తుంచుకోవడానికి బాగుంది. ఆ క్యూఆర్ కోడ్‌కు ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆ నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు అవతలి ఖాతా దాటకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. వాట్సాప్ సందేశాన్ని మాత్రం చెరపకండి.