మీటింగ్‌లో ఉన్నమాట చెప్తే అందరూ సైలెంట్ అయిపోయారు, నేను తప్పు చేశానా అక్కా?

హిందూపురం నుంచి వచ్చి మారతహళ్లి పీజీలో ఉంటున్న ఒక తమ్ముడు రాశాడు. ఏడాదిన్నర అమెరికన్ ప్రొడక్ట్ కంపెనీలో చేసి, మూడు నెలల క్రితం ఇక్కడే బెంగళూరులో ఒక జపాన్ కంపెనీ ఇంజినీరింగ్ సెంటర్‌లో చేరాడు. టోక్యో వాళ్ళతో రివ్యూ కాల్‌లో 'లోడ్ పెరిగితే ఈ డిజైన్‌లో డేటా పోతుంది' అని మొహం మీదే చెప్పేశాడు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. కాల్ అయ్యాక మేనేజర్ పిలిచి 'ఇది ముందే చెప్పాల్సింది కదా' అన్నారట. ఇంట్లో నాయనేమో 'పెద్దోళ్ళ మధ్య నీకెందుకురా, నోరు మూసుకుని పని నేర్చుకో' అంటున్నాడు. ఇక మాట్లాడటం మానెయ్యాలా, లేకపోతే వచ్చే నెల ఒక జర్మన్ కంపెనీ ఇంటర్వ్యూ ఉంది, అటు వెళ్ళిపోవాలా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, నీ పాయింట్ కరెక్టే, చెప్పిన టైమే తేడా కొట్టింది. మీ మేనేజర్ మాట మళ్ళీ ఒకసారి చూడు, 'చెప్పొద్దు' అనలేదు, 'ముందే' అన్నారు. ఆ ఒక్క మాటలోనే నీకు కావాల్సిందంతా ఉంది.

మనిళ్ళల్లో పెళ్ళి సంబంధం ఎలా కుదురుతుందో నీకు తెలుసు కదా. మధ్యవర్తి ఇటు నాలుగుసార్లు అటు నాలుగుసార్లు తిరిగి, మేనత్తకి కోపం రాకుండా చూసుకుని, ఎవరికి ఏ అభ్యంతరం ఉందో చెవిలోనే విని సర్దేసి, అన్నీ అయ్యాకే తాంబూలాలకి కూర్చుంటారు. తాంబూలాల రోజు నలుగురిలో లేచి 'ఈ సంబంధంలో ఒక లోపం ఉంది' అంటే, ఆ లోపం నిజమే అయినా, అందరూ తల దించుకుంటారు. నువ్వు ఆ రోజు చేసింది అదే. జపాన్ ఆఫీసుల్లో పెద్ద మీటింగ్ చాలాసార్లు తాంబూలాల లాంటిది, అసలు మాటలన్నీ అంతకుముందే అయిపోయి ఉంటాయి. దీనికి వాళ్ళ పేరు నెమవాషి, తోటపని నుంచి వచ్చిన మాట. పెద్ద చెట్టుని వేరేచోటికి మార్చాలంటే చాలా ముందుగానే మొదలు చుట్టూ తవ్వి, పెద్ద వేర్లు కోసి, సన్నటి కొత్త వేర్లు పుట్టేదాకా ఆగుతారు, అప్పుడు మార్చినా చెట్టు బతుకుతుంది. ఆ తర్వాత రింగి అని ఒక కాగితం కింద నుంచి పైదాకా టేబుల్ టేబుల్ తిరుగుతుంది, ఒక్కొక్కరూ తమ గడిలో చిన్న ఎర్ర ముద్ర వేస్తారు. 2020లో కోవిడ్ టైంలో కూడా ఆ ముద్ర కోసమే జనం ఆఫీసుకి పోవాల్సి వచ్చింది, అప్పుడే అక్కడి మంత్రి తారో కోనో ప్రభుత్వ పనుల్లో ఈ ముద్రలు తీసేయించే పని మొదలుపెట్టారు. ముద్ర తగ్గొచ్చు గానీ ముందు మాట్లాడుకోవడం మాత్రం పోదు.

ఇంకొకటి, వాళ్ళు 'హాయ్' (జపనీస్‌లో 'అవును') అంటే ఒప్పుకున్నట్టు కాదు, చాలాసార్లు వింటున్నాం అని అర్థం. 'కొంచెం కష్టం' అన్నారంటే దాదాపు కుదరదనే. మన 'సరే చూద్దాంలే' ఉంది చూడు, అదే.

నీ పాత కంపెనీ దారి వేరు. అక్కడ త్వరగా డిసైడ్ అయ్యి, తప్పయితే వచ్చే వారం మార్చేస్తారు. అమెజాన్ బెజోస్ 2015 సంవత్సరానికి షేర్‌హోల్డర్లకి రాసిన లేఖలో, వెనక్కి రాగలిగే తలుపులాంటి నిర్ణయాలకి ఎక్కువ నాన్చొద్దు అని రాశాడు. ఆ పద్ధతిలో మీటింగ్‌లోనే వాదించాలి, గమ్మునుంటే నీకు అభిప్రాయం లేదనుకుంటారు. అక్కడ నేర్చుకున్న అలవాటే ఇక్కడ నిన్ను ఇబ్బంది పెట్టింది, అంతకుమించి నీలో లోపమేం లేదు.

జర్మన్ వాళ్ళ దగ్గర మొహం మీద చెప్పొచ్చు, కానీ లెక్కలు, లాగ్‌లు పట్టుకుని చెప్పాలి. చర్చ సాగుతుంది, మినిట్స్ రాస్తారు, ఒకసారి ఫైనల్ అయ్యాక మళ్ళీ కదిపితే చిరాకు పడతారు. ఉద్యోగుల మాటకి అక్కడ చట్టమే ఉంది, 1976 నుంచి 2,000 మందికి పైన ఉన్న పెద్ద కంపెనీల్లో సూపర్వైజరీ బోర్డు (కంపెనీ నడిపేవాళ్ళ మీద కన్నేసి ఉంచే బోర్డు) సీట్లలో సగం ఉద్యోగుల తరఫువే.

హోఫ్‌స్టెడ్ అనే ఆయన ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో దేశాలకి స్కోర్లు ఇచ్చాడు, పైవాళ్ళకీ కిందవాళ్ళకీ మధ్య దూరాన్ని ఎంత మామూలుగా తీసుకుంటారు అన్నదాంట్లో మనకి 77, జపాన్‌కి 54, అమెరికాకి 40, జర్మనీకి 35. దీన్ని జాతకంలా పట్టుకోకు, మీ మేనేజర్ ఏ స్కోరూ కాదు, ఒక మనిషి. కానీ మీ నాయన మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆ 77 చెప్తుంది. ఆయన చూసిన ఆఫీసుల్లో పైవాళ్ళకి ఎదురు చెప్పినవాళ్ళు ఇబ్బంది పడ్డారు, నీ మీద బెంగతోనే అంటున్నాడు, ఆయనతో వాదన పెట్టుకోకు. కానీ నోరు మాత్రం మూసుకోకు, డేటా పోతుందని తెలిసి ఊరుకుంటే రేపు కస్టమర్ దగ్గర అది బయటపడినప్పుడు నీకే నిద్ర పట్టదు.

ఇప్పుడు ఈ సోమవారం ఏం చేస్తావంటే, మేనేజర్ దగ్గరికి వెళ్ళి 'విషయం మీద నా మాట అదే సార్, కానీ అందరిలో చెప్పినందుకు సారీ, వచ్చే రివ్యూకి ముందు నేను ఎవరెవరితో మాట్లాడాలి' అని అడుగు. ఆ పేర్లు రాసుకో. ఆ డిజైన్ చేసినాయనకి విడిగా, నీ టెస్ట్ రిజల్ట్ పెట్టి, 'నాకు ఇలా వచ్చింది, నేనేమైనా మిస్సయ్యానా' అని చిన్న మెయిల్ పెట్టు, ఆయన తనంతట తానే సరిచేసుకునే దారి ఇవ్వు. కాల్ కావాలంటే మనకి పొద్దున 8 అంటే వాళ్ళకి పదకొండున్నర, లంచ్‌కి ముందే దొరుకుతారు, నువ్వూ ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో పడకముందే పీజీ నుంచే మాట్లాడేయొచ్చు.

మూడు నెలలకే మారిపోవడం మాత్రం నాకు నచ్చలేదు, ఇంకో రెండు రివ్యూలు ఇలా చేసి చూడు. జర్మన్ ఇంటర్వ్యూకి వెళ్తే వెళ్ళు, అనుభవం వస్తుంది. చివర్లో 'మీకేమైనా ప్రశ్నలున్నాయా' అంటారు కదా, అప్పుడు ఇది అడుగు: ఈమధ్య మీ టీమ్‌లో కింద నుంచి ఒకరు చెప్తే మారిన విషయం ఏదైనా ఉందా, వాళ్ళు దాన్ని మొదట ఎవరికి చెప్పారు, ఎప్పుడు ఫైనల్ అయ్యింది? ఏం చెప్పారో నాకు రాయి.