చెడు మనిషిలో ఉందా, పరిస్థితిలో ఉందా?

ప్రశ్న: చెడ్డపని చేసేవారు స్వభావరీత్యానే చెడ్డవారా, లేక పరిస్థితులే వారి చేత చేయిస్తాయా?

జవాబు: స్వభావానికి పాత్ర లేదనలేం గాని, అది మనం అనుకునేంత పెద్దది కాదని నా అభిప్రాయం. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో, పక్కగదిలోని వ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా 15 వోల్టుల చొప్పున పెంచుతూ షాక్ ఇవ్వమని మామూలు మనుషులను ఆదేశించగా, 40 మందిలో 26 మంది 450 వోల్టుల చివరి మీట దాకా వెళ్లారు; వారిలో పలువురు చెమటలు కక్కుతూ, వణుకుతూనే నొక్కారు. (పక్కగది వ్యక్తికి నిజంగా కరెంటు తగలలేదు, ఆ సంగతి వారికి చెప్పలేదు.) కరుడుగట్టిన క్రూరులకు చెమట ఎందుకు పడుతుంది? 15 ఇచ్చినవాడికి 30 పెద్ద తేడాగా తోచదు, 30 ఇచ్చాక 45 అంతకన్నా తోచదు. అయితే తక్కిన 14 మంది మధ్యలోనే ఆగిపోయారు. పరిస్థితి అందరికీ ఒకటే అయినప్పుడు వారిని ఆపినదేమిటన్నదే మీ ప్రశ్నలోని అసలు చిక్కు.