పాత డ్రెస్సు వేస్తే వేషం కట్టినట్టుందా?

ప్రశ్న: 1950ల నాటి డ్రెస్సులంటే నాకు ప్రాణం. నడుము దగ్గర టైట్‌గా, కింద బాగా ఫ్లేర్ ఉన్నది ఒకటి ఈమధ్యే కొన్నాను. తీరా వేసుకుంటే నాటకంలో పాత్రలా ఉన్నాను. ఆఫీసుకి వేసుకెళ్లే దారేమైనా ఉందా?

జవాబు: ఉంది. ముందు దాన్ని బీరువాలోంచి బయటికి తీయండి.

మీకు నచ్చిన ఆ ఆకారం 1947 ఫిబ్రవరిలో, పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ అనే ఫ్యాషన్ డిజైనర్ తొలి ప్రదర్శనతో పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బట్టకి రేషన్ ఉండేది, స్కర్టులు పొట్టిగా, ఇరుగ్గా కుట్టేవారు. ఆ కరువు చూసినవాళ్ల ముందుకి ఆయన మీటర్ల కొద్దీ బట్ట పోసిన స్కర్టులు తెచ్చాడు. అవి అంత గుండ్రంగా నిలబడటానికి లోపల గట్టి పెటీకోట్లు వేసేవారు. మీరూ అలాంటిది వేసుకుని ఉంటే దాన్ని తీసేసి మళ్లీ అద్దంలో చూసుకోండి. స్కర్టు మెత్తగా కిందికి జారి, మామూలు డ్రెస్సులా కనిపిస్తుంది. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మిగతా సగం పైన వేసే వాటిది. ముత్యాల దండ, ఎర్ర లిప్‌స్టిక్, ఆనాటి జుట్టుముడి అన్నీ ఒకేసారి పెడితే ఎవరికైనా వేషంలాగే ఉంటుంది. ఆ కాలం నుంచి డ్రెస్సు ఒక్కటే తీసుకోండి. చెప్పులు, బ్యాగు, జుట్టు మీ రోజువారీవే ఉండనివ్వండి. నేనైతే తెల్ల కాన్వాస్ షూస్ వేస్తాను, పైన బటన్లు పెట్టని కాటన్ షర్టు. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

సైజు చేయించాలంటే మాత్రం నిదానంగా వెళ్లండి. నా దగ్గరున్న ముదురు నీలం డ్రెస్సుకి ఎడమ చంక కింద లోహపు జిప్పు ఉంది. లోపల కుట్టు పక్కన వేలెడు మార్జిన్ వదిలారు. ఆ మార్జిన్ వల్లే నడుము లూజు చేయించుకోగలిగాను. అందుకే టైలర్‌కి ముందే చెప్పండి, టైట్ చేసినా సరే, మిగిలిన బట్ట కత్తిరించొద్దని. నడుము సరిచేయడం తేలిక, భుజాలు చాలా కష్టం. భుజం సరిపోకపోతే ఎంత అందమైనదైనా కొనకండి. చెయ్యి పైకెత్తి చూడండి కూడా. పాత బట్టల్లో చాలాసార్లు బట్ట కన్నా ముందు దారం పోతుంది, అదీ చంక దగ్గరే. లేబుల్ మీద అంకె చూసి దిగులు పడకండి, అప్పటి సైజులకీ ఇప్పటి వాటికీ పొంతన లేదు.

ప్రశ్న: నాకు గౌన్లు అస్సలు నప్పవు. పాత స్టైల్ మాత్రం ఇష్టం. ఏం చేయను?

జవాబు: ప్యాంటు వేసుకోండి! ఈవ్ సాఁ లోరాఁ అనే ఫ్రెంచ్ డిజైనర్ 1966లోనే ఆడవాళ్ల కోసం టక్సీడో (మగవాళ్లు విందులకి వేసుకునే సూటు) కుట్టాడు. భుజాలు సరిగ్గా కుదిరిన నల్ల కోటు ఒకటి వెతకండి. మీ జీన్స్ మీద వేసి, చేతులు మోచేతి దాకా మడవండి.