పూల సంగతి తర్వాత, ముందు ఆ గోడ దాటండి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుంటూరులో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. మీవారు పోయి మూడేళ్ళు. ఆయన వేసిన పెరటి తోటలోని లిల్లీలు, నందివర్ధనాలు, చామంతులు ప్రతి శనివారం సాయంత్రం చర్చికి తీసుకెళ్ళి బలిపీఠం దగ్గర సర్దేవారు. ఈమధ్య కమిటీవాళ్ళు ప్లాస్టిక్ పూలు కొని పెట్టేశారు. ‘సోమవారానికల్లా చెత్తలోకి పోయేవాటికి ఇంత ఆరాటం ఎందుకండీ’ అని ఎవరో అన్నారట. అప్పట్నుంచి మనిషి బతుకూ ఇంతే కదా అన్న దిగులుతో మీకు నిద్ర పట్టడం లేదు. తోట తీసేసి కారు పెట్టుకోడానికి గచ్చు చేయిద్దామంటున్నాడు అబ్బాయి. తోట ఉంచాలా, తీసెయ్యాలా అని అడిగారు.

ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి, ఓపిక లేకపోతే తీయించెయ్యండి. దానికి నా సలహా అక్కర్లేదు. కమిటీతో మాత్రం గొడవ పెట్టుకోకండి.

నాలుగు పేజీల ఉత్తరంలో నన్ను పట్టుకున్నది వేరే మాట. మూడో పేజీ చివర, ‘గోడ అవతల మా తోటికోడలు పక్షవాతంతో మంచాన పడి ఎనిమిది నెలలైంది. మాకు మాటల్లేవు’ అని రాసి, వెంటనే మళ్ళీ చామంతుల్లోకి వెళ్ళిపోయారు. మాటలు ఎందుకు లేవో చివరి పేజీలో, సంతకం పెట్టేముందు రాశారు. మీవారి భూస్థాపన రోజు, పెట్టె ఇంకా ఇంట్లోంచి కదలకముందే, ఆవిడ నలుగురిలో ‘ఇంట్లో నర్సు ఉండి కూడా మా మరిదికి వచ్చింది గుండెపోటని కనుక్కోలేకపోయింది’ అంది.

అది అనకూడని మాట. ఆవిడని నేను వెనకేసుకురాను. పెద్దావిడ కాబట్టి సర్దుకుపొమ్మనీ చెప్పను. ఆ మాట చెప్పి మన ఆడవాళ్ళ నోళ్ళు ఎన్ని తరాలు మూయించారో నాకు తెలుసు. పైగా ఆ మాట తప్పు కూడా. మీవారికి ఇరవై ఏళ్ళుగా షుగరు ఉందని మీరే రాశారు. షుగరు ఉన్నవాళ్ళకి గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చని మీకు ఒకరు చెప్పాలా? ఆ రాత్రి ఆయన ‘కాస్త నీరసంగా ఉంది, పడుకుంటాను’ అన్నారు. మీ చోట ఇంకో నర్సు ఉంటే ఆవిణ్ణి మీరు తప్పుపడతారా? పట్టరు.

కానీ అమ్మా, ఆవిడ ఒక్కసారి అన్న మాటని మీరు మూడేళ్ళుగా రోజూ మీకు మీరే చెప్పుకుంటున్నారని నాకు అనిపిస్తోంది. అందుకే ఆవిడ మొహం చూడలేకపోతున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వనిది వాడిపోయే పూలు కావు.

భూస్థాపనలో చదివే 103వ కీర్తన ఉత్తరంలో రాశారు: ‘నరుని ఆయువు గడ్డివలె నున్నది, అడవి పువ్వు పూయునట్లు వాడు పూయును.’ సండే స్కూల్లో నేనూ కంఠస్థం పట్టిన వాక్యమే. చిన్నప్పుడు అది వింటే భయమేసేది. ఇప్పుడు భయం పోయి తొందర పట్టుకుంది. సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి ముడుచుకునే చంద్రకాంతలు మీ గోడవారన కూడా ఉండే ఉంటాయి. ఉన్న ఆ ఒక్క రాత్రే వాటికి వాసన. ‘నేడుండి రేపు పొయిలో వేయబడు’ గడ్డినే దేవుడు అంతలా అలంకరించాడని ప్రభువు చెప్పింది, ఎలాగూ పోతాం కదా అని చేతులు ముడుచుకోడానికి కాదు. మీ తోటికోడలికి డెబ్భై నాలుగు. ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషి. మీకు ఎంత వ్యవధి ఉందో లెక్క వేసుకోండి.

బలిపీఠం పూల గురించి ఇంత బాధపడ్డారు కదా. మత్తయి ఐదో అధ్యాయంలో ఏముందో మీకు నేను గుర్తు చెయ్యాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది. ‘బలిపీఠము నెదుటనే నీ అర్పణము విడిచిపెట్టి, మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము.’ మొదట వెళ్ళమన్నాడు. మీరు మూడేళ్ళు, వారం తప్పకుండా, ఆ గోడ పక్కనుంచే పూలు పట్టుకుని చర్చికి నడిచారు. ఇప్పుడు కమిటీవాళ్ళు మీ చేతులు ఖాళీ చేశారు. నేనైతే దాన్ని అవమానం అనుకోను.

1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి మీ గుంటూరు వచ్చారు. మన ఆడవాళ్ళకి వైద్యం చేసి, వాళ్ళకోసం ఆసుపత్రి కట్టించి, 1930లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. మీ నర్సింగ్ ట్రైనింగ్‌లో ఆమె పేరు వినే ఉంటారు. సముద్రాలు దాటి వచ్చారావిడ. మీకు అడ్డం నడుమెత్తు గోడ. ముప్పై ఒక్క ఏళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఒళ్ళు తుడిచిన చేతులు మీవి.

రేపు పదింటికి, ఆయా వచ్చాక వెళ్ళండి. పాత మాట ఎత్తకండి. ‘అక్కా, ఎలా ఉన్నావు’ అని అడిగి, దుప్పటి తీసి మడమలు, నడుము కింద చూడండి. ఎనిమిది నెలల మంచం అంటున్నారు, పుండ్లు మొదలయ్యాయేమో. రెండు గంటలకోసారి పక్క తిప్పాలని ఆ ఆయాకి ఎవరైనా చెప్పారో లేదో. ఆవిడ మొహం తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి, మర్నాడు మళ్ళీ వెళ్ళండి. ఏడిస్తే పక్కన కూర్చోండి. పది రోజులు గడిచాక, ఆవిడ నోటివెంట మాట ముద్దగానైనా వస్తుంటే, ఆ రోజు అన్న మాట మిమ్మల్ని ఎంత కోసిందో మెల్లగా చెప్పండి. చెప్పుకోవడం మీ హక్కు. అది దాచుకుని సేవ చేస్తే మీకు మళ్ళీ నిద్ర పట్టదు.

ఉత్త చేతులతో వెళ్ళలేకపోతే ఒక్క లిల్లీ కాడ తీసుకెళ్ళండి. కింది రెండు పూలు మాత్రమే విచ్చి, పైన మొగ్గలున్నది చూసి పొద్దున్నే కొయ్యండి. గాజుగ్లాసులో పెడితే నాలుగైదు రోజులు ఒక్కొక్కటే విచ్చుకుంటూ పైకి వెళ్తాయి. రోజూ కాడ చివర ఓ అంగుళం కోసి నీళ్ళు మార్చాలని మీకు తెలుసు. ఆ పని ఆయాకి అప్పగించకండి, మీరే వెళ్ళి మార్చండి.