ముందు కాటా సరిచూసుకోండి

"అమ్మను మొదటిసారి అమెరికా పంపుతున్నాం, శంషాబాద్ నుంచి విమానం. చెక్-ఇన్‌కీ సెక్యూరిటీకీ ఎలా సిద్ధం కావాలి?" అని అడిగారు. పాస్‌పోర్టు, టికెట్టు ఒక కవర్లో పెట్టుకోండి, మూడు గంటల ముందు వెళ్ళండి అని ఎవరైనా చెబుతారు. నా మాట మాత్రం ఒకటే. సామాను తూచే ముందు ఆ కాటా ఎవరిదో కనుక్కోండి.

2019 మే నెల. చెల్లి పురుడికి అమ్మను డాలస్ తీసుకెళ్ళాలి. మాది తెనాలి దగ్గర పల్లె. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతిసంచి 7 కిలోలు. అంటే మొత్తం నాలుగు పెట్టెలు. పెట్టెకి తగిలించి ఎత్తితే బరువు చూపించే చిన్న తూకం ఒకటి కొంటానంటే నాన్న ఒప్పుకోలేదు. "ఊళ్ళో కాటా పెట్టుకుని డబ్బులు దండగేంట్రా" అన్నారు. ఊళ్ళో కాటా అంటే మా దగ్గర మినుములు, మొక్కజొన్న కొనే షావుకారుది. నాలుగు పెట్టెలూ ట్రాక్టర్ మీద వేసుకెళ్ళి తూయించారు. ఒక్కోటీ 22 కిలోల 800. ఇంకో రెండు వందల గ్రాములు ఉందిగా అని అమ్మ ప్రతి పెట్టెలోనూ ఒక అప్పడాల కట్ట దూర్చబోతే నేనే ఆపాను.

అమ్మను సాగనంపడానికి రెండు కార్లు. నార్కట్‌పల్లి మీదుగా వచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, రాత్రి పదకొండుకి చేరాం. టికెట్టు లేనివాళ్ళను లోపలికి రానివ్వరని నేను వారం నుంచీ చెబుతున్నా, బాబాయి మాత్రం ద్వారం దగ్గర ఆధార్ కార్డు తీసి చూపించాడు.

కౌంటర్లో మొదటి పెట్టె బెల్టు మీద పెట్టాను. 24.6. మిషను తప్పేమోనమ్మా అన్నాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా పక్క కౌంటరు బెల్టు మీద పెట్టించింది. అక్కడా 24.6. మిగతా మూడూ అంతే. బయటున్న నాన్నకి ఫోన్ చేశాను.

"పెట్టెకి కిలో ఎనిమిది వందలు తేడా వస్తోంది నాన్నా."

"ఎక్కువా, తక్కువా?"

"ఇక్కడ ఎక్కువ. షావుకారు కాటా తక్కువ చూపించినట్టుంది."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే" అని పెట్టేశారు.

కౌంటరు ముందు నేల మీద నాలుగు పెట్టెలూ విప్పాం. వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ మా బాలింత కాయం, శొంఠిపొడి, సున్నుండలు, పాత చీరలతో కుట్టిన పసిపిల్ల బొంతలు, అన్నీ దర్శనమిచ్చాయి. ఏవి తీసేయాలో అమ్మ నిర్ణయించాలి. పచ్చళ్ళ జోలికే వెళ్ళలేదు. తన చీరలు నాలుగు, నా జీన్స్ రెండు, నా బూట్లు, నా చలికోటు తీసి పక్కన పడేసింది. "నువ్వు మూడు వారాల్లో వచ్చేసేవాడివేగా" అంది. అన్నీ దుప్పట్లో మూట కట్టి బెల్టు మీద పెట్టి చూస్తే 6.6 కిలోలు. ద్వారం దగ్గర కాపలా ఆయన్ని బతిమాలి ఆ మూట నాన్న చేతికి అందించాను. ఆయన అడిగిన మాట ఒక్కటే: "ఇది ఇక్కడ ఎంత తూగింది?"

పెట్టె విప్పడం ఒకందుకు మంచిదే అయింది. నా పవర్ బ్యాంక్ అందులోనే ఉండిపోయింది. అది చేతిసంచిలోనే ఉండాలి, కింద సామానులో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే పైన మనుషులైనా చూస్తారు, కింద ఎవరు చూస్తారు? అగ్గిపెట్టె, లైటరు ఎక్కడా పెట్టొద్దు. ఎండు కొబ్బరి చిప్పలకి కూడా 2022 నుంచి కింది సామానులో చోటు లేదు. అందులో నూనె ఉంది, మండుతుందని. దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళు గసగసాలు ఇంట్లోనే వదిలేయండి. మనకి కూరలో వేసుకునే దినుసు, అక్కడ నిషేధం. పొడులన్నీ చేతిసంచిలో కుక్కకండి. అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడి ఉంటే విడిగా పరీక్షిస్తారు. కందిపొడి అంటే ఏమిటో అక్కడ నిలబడి వివరించడం మా అమ్మ వల్ల కాలేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళ ఫారాల్లో చివరుంటుంది, టికెట్టు కొనే పిల్లలు తొందరలో ఉంటారు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అక్షరం అక్షరం చూసి టికెట్టు తీయండి. ఇంటిపేరుని పొడి అక్షరంగా కుదించే అలవాటు మన బడుల్లో ఎవరు పెట్టారో గానీ, ఆ ఒక్క అక్షరం జీవితాంతం వెంటపడుతుంది.

ఇక సెక్యూరిటీ. ఆడవాళ్ళ వరస వేరు. చీరకి పెట్టుకున్న పిన్నీసులకీ గాజులకీ అమ్మ ఎలాగూ కూత పెట్టించింది. తెర వెనక ఒకావిడ తడిమి చూసి పంపించేసింది. అక్కడేమీ గొడవ లేదు. గొడవంతా చేతిసంచితోనే వచ్చింది. స్కానర్లోంచి వచ్చి పక్కకి మళ్ళింది. తెరిస్తే చీర మడతల్లో స్టీలు డబ్బా. డబ్బాలో ఆవకాయ.

"పెట్టెలు దారిలో పోతే? దానికి మొదటి ముద్ద ఏం పెట్టను?" అంది అమ్మ. నాకు తెలియకుండా పెట్టింది. డబ్బా మూత చుట్టూ రెండు వరసలు ప్లాస్టరు కూడా వేసింది.

నూనె తేలే ఏ పచ్చడైనా వాళ్ళ లెక్కలో ద్రవమే. ద్రవం 100 మిల్లీలీటర్లు దాటకూడదు. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర బయటపడ్డాక వచ్చిన నియమం ఇది. "ఇవి ముక్కలండీ, ద్రవం కాదు" అని అమ్మ ఆ ఆఫీసరుకి ఒక ముక్క చూపించబోయింది. ఆయన నవ్వాడు గానీ వదల్లేదు. వెనక్కి వెళ్ళి కింది సామానులో వేయించడానికి టైము లేదు. సరే, తీసుకోండి అన్నాను. అమ్మ డబ్బా వదల్లేదు. దాని మీద మా నాయనమ్మ పేరు చుక్కలతో చెక్కి ఉంది, కింద 1978 అని సంవత్సరం.

"పచ్చడి మీరుంచుకోండి బాబూ, డబ్బా ఇచ్చేయండి."

అలా ఒక చెత్తబుట్ట దగ్గర నిలబడి, అర కిలో కొత్తావకాయ కాగితం కప్పుతో తోడి పారబోశాను. అమ్మ అటు తిరిగి నిలబడింది. డబ్బా మళ్ళీ స్కానర్లోకి వెళ్ళి ఖాళీగా వచ్చింది. విమానంలో పైన సామాను అర తెరిచినప్పుడల్లా ఆవపిండి వాసన. కాబట్టి బయల్దేరే ముందు అమ్మ చేతిసంచి మీరే స్వయంగా చూడండి. అమ్మ ఒట్టు పెట్టినా సరే చూడండి.

డాలస్‌లో దిగి నాన్నకి ఫోన్ చేస్తే, మేం క్షేమంగా చేరామా అని కూడా ఆయన అడగలేదు. శంషాబాద్ నుంచి తిన్నగా ఇంటికి వెళ్ళలేదట. మూట తీసుకుని షావుకారు కొట్టుకి వెళ్ళారట. కాటా 6 కిలోల 100 చూపించిందట. "క్వింటాకి ఏడు కిలోలురా! ఎన్నేళ్ళ నుంచి పోస్తున్నాం వాడికి!" అన్నారు. షావుకారు వర్షానికి కాటా పాడైందన్నాడట. మే నెలలో!

నేను మూడు వారాలు మా బావ ప్యాంట్లతో గడిపి తిరిగొచ్చేసరికి మూట మా అరుగు మీదే ఉంది. విప్పబోతే నాన్న ఊరుకోలేదు. ఊళ్ళో మొక్కజొన్న అమ్మేవాళ్ళంతా ముందు ఆ మూట తీసుకెళ్ళి కాటా మీద పెట్టించి, ఆరున్నర కిలోలు దాటాకే బస్తాలు దించుతున్నారట. నా జీన్స్ ఇంకా అందులోనే ఉన్నాయి.