ఎలుకలతో ప్రీఎక్లాంప్సియా పరిశోధన: బీఎస్సీ తర్వాత దారి ఉందా?

ప్రశ్న: బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్ చదువుతున్నాను. మా అక్కకు ఏడో నెలలో బీపీ పెరిగి, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ప్రీఎక్లాంప్సియా అన్నారు. అదెందుకు వస్తుందో జంతువుల మీద పరిశోధిస్తారట. నాకు నీట్‌లో సీటు రాలేదు. ఆ పని నేను చేయగలనా?
- ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: చేయొచ్చమ్మా, దానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. అయితే పని ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి.

మామూలుగా ఎలుకకు ఈ జబ్బు దానంతటది రాదు, మనమే తెప్పించాలి. ఎలుక గర్భం 21, 22 రోజులు. 14వ రోజున మత్తిచ్చి పొట్ట తెరిచి, పెద్ద ధమనికి 0.203 మిల్లీమీటర్ల సందున్న వెండి క్లిప్పు తొడుగుతారు. అండాశయ ధమనులకు ఇంకా సన్నవి, 0.1 మిల్లీమీటరువి. మాయకు (ప్లాసెంటాకు) రక్తం తగ్గి, 19వ రోజుకల్లా తల్లి ఎలుకకు బీపీ పెరుగుతుంది. ఆ తర్వాత మాయను తీసి పరీక్షించాలంటే ఎలుకను చంపక తప్పదు. చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే.

పైగా ఈ మోడల్, అంటే ఇలా జబ్బు తెప్పించే పద్ధతి, చెప్పేది రక్తం తగ్గాక ఏమవుతుందో మాత్రమే. మీరడిగిన ‘ఎందుకు’కు జవాబు అంతకన్నా ముందు, మాయ నాటుకునే రోజుల్లో ఉందని భావిస్తున్నారు. 2003లో కిడ్నీ వైద్యుడు, పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం మాయ నుంచి వెలువడే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రొటీన్‌ను గర్భిణి ఎలుకల్లో పెంచి చూసింది. బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైంది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్షలు ఇప్పుడు ఆసుపత్రుల దాకా వచ్చాయి. అందుకే మీరు సర్జరీ కన్నా మాలిక్యులర్ బయాలజీ మీద దృష్టి పెట్టడం మేలని నా అభిప్రాయం.

జువాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీల్లో ఏదో ఒకదాంట్లో ఎమ్మెస్సీ చేయండి. రాష్ట్ర వర్సిటీలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీ జువాలజీ వైపు కోర్సుకు సీయూఈటీ పీజీ రాయాలి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుందని ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు యానిమల్ హౌస్ ఉన్న ల్యాబ్‌లోనే చేయండి. ఎలుకను పట్టుకున్నప్పుడు మీ చెయ్యి వణుకుతుందో లేదో అక్కడ తేలిపోతుంది.

అన్నట్టు, అక్కకు మళ్లీ నెల తప్పితే మొదటి చెకప్‌లోనే పాత సంగతి డాక్టర్‌కు చెప్పమనండి. ఇలాంటివారికి మూడు నాలుగు నెలలలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడుతుంటారు.