డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో ఉద్యోగం: మనం కట్టే సిటీ ట్యాక్స్ ఎటు పోతోంది?

మీ ఇల్లు డెట్రాయిట్ శివారు నోవైలో, ఆఫీసు డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో. ఊళ్లో ఉండనివాళ్లం సిటీ ట్యాక్స్ ఎందుకు కట్టాలి, దానివల్లే డౌన్‌టౌన్ బాగుపడిందా అని మీరు అడిగారు. నాదీ మీలాంటి పరిస్థితే, పన్నెండేళ్లుగా.

ముందు ట్యాక్స్ సంగతి. ఊళ్లో ఉండేవాళ్లకి జీతం మీద 2.4 శాతం, బయటినుంచి వచ్చి పనిచేసే మనకి 1.2 శాతం. ఇది సిటీ మామూలు ఖజానాలోకి పోతుంది: పోలీసులు, ఫైరింజన్లు, అలాంటి ఖర్చులకి. 2013లో దివాలా తీసిన ఊరు కదా, ఆ మాత్రం అవసరమే అనుకుని నేను సరిపెట్టుకున్నాను.

డౌన్‌టౌన్‌ని మార్చింది నా కళ్లకి మాత్రం క్యాంపస్ మార్షియస్ పార్కే. 2004లో తెరిచారు, మహా అయితే రెండు మూడు ఎకరాలు. చలికాలంలో ఐస్ రింక్, ఎండాకాలంలో ఇసుక పోసి బీచ్. అక్కడి కుర్చీలు నేలకి బిగించి ఉండవు, నీడ ఎటుంటే అటు లాక్కోవచ్చు. నా పులిహోర డబ్బా ఎక్కువగా ఖాళీ అయ్యేది అక్కడే. చేరిన కొత్తలో ఐదు కొట్టగానే కారెక్కేసేవాణ్ణి. మావాడికి స్కేటింగ్ పిచ్చి పట్టాక శనివారాలు కూడా ఇటే రావాల్సి వచ్చింది. వచ్చినవాళ్లం తినకుండా పోతామా? పక్కన హోటళ్లకి బేరం అలాగే కదా వచ్చేది.

ఆ చుట్టుపక్కల వీధులు ఊడ్చడానికి, మంచు ఎత్తడానికి అక్కడి బిల్డింగుల ఓనర్లు 2014లో పెట్టుకున్న ఏర్పాటు ప్రకారం విడిగా రుసుము కడుతున్నారు. ఇవి కాక, డౌన్‌టౌన్‌లో పెరిగిన ఆస్తిపన్నులో కొంత భాగం మళ్లీ డౌన్‌టౌన్ కోసమే పక్కకి తీస్తారు. 2017లో తెరిచిన హాకీ స్టేడియానికి కూడా ఈ దారిలో ప్రజల డబ్బు వెళ్లింది. దాని చుట్టూ చూడండి, ఎక్కువగా పార్కింగ్ స్థలాలే. అదేమిటో నాకు మింగుడుపడదు.

అసలు మెలిక అక్కడే ఉందనిపిస్తుంది. బిల్డింగ్ కడితే ఆస్తిపన్ను పెరుగుతుంది, ఖాళీ స్థలంలో గీతలు గీసి కార్లు పెట్టిస్తే కొంచెమే. 2023లో అప్పటి మేయర్ మైక్ డగ్గన్ దీన్ని తిరగేద్దామన్నారు: భూమి మీద ఎక్కువ, కట్టడం మీద తక్కువ. దానికి మిషిగన్ రాష్ట్ర చట్టసభ ఒప్పుకోవాలి. అక్కడే ఆగిపోయింది.

మీకు పనికొచ్చే మాట ఒకటి. ఇంటినుంచి పనిచేసిన రోజుల జీతానికి మనకి సిటీ ట్యాక్స్ పడదు. ఆఫీసుకెళ్లిన తేదీలు రాసిపెట్టుకోండి, ఆధారం అడగొచ్చు. మొదట్లో నేను రాసుకోలేదు. ఫైలింగ్ టైములో పాత క్యాలెండర్, పార్కింగ్ రసీదులు ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాను.